ఇంటర్నెట్ కాలింగ్, సంప్రదాయ టెలిఫోన్ వ్యవస్థ

మాటను అంకెలుగా మార్చి, ముక్కలుగా విడగొట్టి, ఇంటర్నెట్ మీదుగా అవతలి మనిషికి చేరవేసే పద్ధతిని ఇంటర్నెట్ టెలిఫోనీ అంటారు. సాంకేతిక వర్గాల్లో దీనికి వీఓఐపీ అన్న పేరు స్థిరపడింది. ఇందులో రెండు రకాలున్నాయి, రెంటినీ కలిపి చూస్తే విషయం బోధపడదు. వాట్సాప్ నుంచి వాట్సాప్‌కు చేసే కాల్ ఇంటర్నెట్‌లోనే పుట్టి ఇంటర్నెట్‌లోనే ముగుస్తుంది. కానీ ఇంటర్నెట్‌లో మొదలైన కాల్‌కు గుంటూరులోని ఒక ల్యాండ్‌లైన్ మోగాలంటే, దారిలో ఎక్కడో ఒకచోట రెండు వేర్వేరు వ్యవస్థలు చేయి కలపాలి. ఆ చోటును గేట్‌వే అంటారు. ఇంటర్నెట్ ఫోను చరిత్రలో కనిపించే చిక్కులు, లెక్కలు, చట్టాలు, మోసాలు చాలావరకు ఈ గేట్‌వే చుట్టూ అల్లుకున్నవే. కాబట్టి ఈ వ్యాసం కూడా అక్కడే ఎక్కువసేపు ఆగుతుంది.

పాత వ్యవస్థ

సంప్రదాయ టెలిఫోన్ వ్యవస్థకు పునాది రాగి తీగల జత. ప్రతి ఇంటి నుంచి ఒక జత ఎక్స్ఛేంజ్ దాకా వెళ్తుంది. ఆ తీగల మీద 48 వోల్టుల విద్యుత్తును ఎక్స్ఛేంజే తన బ్యాటరీల నుంచి పంపిస్తుంది. ఊళ్లో కరెంటు పోయినా పాత ల్యాండ్‌లైన్ మోగుతూనే ఉండటానికి కారణం ఇదే.

భారతదేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882లో పనిచేయడం ప్రారంభించాయి. మొదట్లో ఆపరేటరు చేత్తో తీగ కలిపితేనే మాట నడిచేది. ఆపరేటరు ప్రమేయం లేకుండా కాల్ కలిపే యంత్రానికి అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ 1891లో పేటెంటు పొందాడు. మన దేశంలో ఊరి నుంచి ఊరికి ట్రంకాల్ బుక్ చేసుకుని గంటల తరబడి ఎదురుచూసే అవస్థకు మొదటి విరుగుడు 1960లో వచ్చింది. ఆ ఏడాది కాన్పూర్, లక్నోల మధ్య ఎస్టీడీ ప్రారంభమైంది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ తయారుచేసిన 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజ్ మరో పెద్ద అడుగు. ఏసీ గది అవసరం లేకుండా మన ఎండలకు తట్టుకుని నిలిచేలా దాన్ని రూపొందించారు. పల్లెలకు ఫోను చేరడంలో దాని పాత్రకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

ఈ వ్యవస్థ మూలసూత్రం సర్క్యూట్ స్విచింగ్. ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక దారి వారికే కేటాయించి ఉంటుంది. ఇద్దరూ మౌనంగా ఉన్నా ఆ దారిలోకి మరొకరు రాలేరు. 1960ల నుంచి ఎక్స్ఛేంజీల మధ్య ఈ దారులు క్రమంగా డిజిటల్‌గా మారాయి. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తే ఒక కాల్‌కు సెకనుకు 64 కిలోబిట్లు అవుతుంది. ప్రపంచమంతటా టెలిఫోనుకు ఇదే ప్రమాణం. ఇలాంటి 30 కాల్స్‌ను ఒకేసారి మోసే 2.048 మెగాబిట్ల లింకును ఈ-1 అంటారు. మన దేశంలో ఆసుపత్రులు, హోటళ్లు, ఆఫీసులు పీఆర్ఐ లైను పేరుతో ఇప్పటికీ తీసుకునేది దీన్నే.

గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్నే ఈ వ్యవస్థ మోసుకెళ్తుంది. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ స, శ, ఫ వంటి ఊదుడు ధ్వనుల బలం చాలావరకు అంతకు పైనే ఉంటుంది. ఫోనులో ఇంటి పేరు చెబితే అవతలివారు మరోలా రాసుకోవడానికి ఒక కారణం చెవిలో కాదు, ఈ కత్తిరింపులో ఉంది.

మాట ఒక దారిన పోతే, ఆ మాటకు దారి వేసే ఆదేశాలు మరో దారిన పోతాయి. ఏ నంబరుకు కలపాలి, అవతల మోగుతోందా, బిజీగా ఉందా, ఎప్పుడు పెట్టేశారు, బిల్లు ఎవరికి అన్న సమాచారాన్ని మోసే ఈ రెండో నెట్‌వర్కు పేరు ఎస్ఎస్-7. ఒకరినొకరు నమ్మే కొద్దిపాటి టెలిఫోన్ సంస్థల కోసం దీన్ని రూపొందించారు. ఆ నమ్మకం ఆ తర్వాత ఎంత బరువైందో ముందుముందు చూద్దాం.

మాట ముక్కలైన తీరు

ఇంటర్నెట్‌కు కేటాయించిన దారి అంటూ ఉండదు. సమాచారాన్ని ప్యాకెట్లుగా విడగొట్టి, ప్రతి ప్యాకెట్ మీదా చిరునామా రాసి వదిలేస్తారు. ఏ ప్యాకెట్ ఏ దారిన వెళ్తుందో, ముందు బయలుదేరింది ముందే చేరుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. ఉత్తరాలకు, ఫైళ్లకు ఇది బాగానే ఉంటుంది. అప్పటికప్పుడు జరిగే సంభాషణకు ఇది పనికొస్తుందా అన్న ప్రశ్నకు మొదటి జవాబు 1974లో వచ్చింది. డ్యానీ కోహెన్ రూపొందించిన నెట్‌వర్క్ వాయిస్ ప్రోటోకాల్ సాయంతో, కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన కేంద్రం, మసాచుసెట్స్‌లోని లింకన్ లేబొరేటరీ అర్పానెట్ మీదుగా మాట్లాడుకున్నాయి. సామాన్యుల చేతికి ఇది రావడానికి ఆ తర్వాత ఇరవయ్యేళ్లు పట్టింది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ ఇంటర్నెట్ ఫోన్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమ్మకానికి పెట్టింది. ఇరువైపులా అదే సాఫ్ట్‌వేరు, కంప్యూటరు, మైకు ఉంటే దూరదేశాలకు ట్రంకు ఛార్జీ లేకుండా మాట్లాడుకోవచ్చు.

నేటి కాల్స్‌లో మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా కోస్తారు. పాత 64 కిలోబిట్ల ప్రమాణాన్నే వాడితే ఒక్కో తునక 160 బైట్లు. దాని మీద చిరునామా, వరుస సంఖ్య, సమయం వంటి వివరాలు రాయడానికి మరో 40 బైట్లు కావాలి. సెకనుకు 50 ప్యాకెట్లు కాబట్టి మొత్తం 80 కిలోబిట్లు అవుతుంది. అంటే ఒకే ప్రమాణంలో మాట్లాడితే ఇంటర్నెట్ కాల్ పాత కాల్ కంటే బరువైనదే. ఇంటర్నెట్ కాల్ చౌక కావడానికి కారణం మరోచోట ఉంది. ఒక దారిని వేలమంది పంచుకుంటారు, పైగా మాటను ఇంకా గట్టిగా కుదించే కోడెక్‌లు వచ్చాయి. జి.729 కోడెక్ మాటను 8 కిలోబిట్లకు కుదిస్తుంది. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ కోడెక్ నెట్ బలాన్ని బట్టి తన బరువును తానే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది.

తునకలను మోసే ఆర్టీపీ ప్రోటోకాల్ దారిలో పోయినవాటిని మళ్లీ పంపమని అడగదు. పోయిన ముక్క మళ్లీ వచ్చేసరికి సంభాషణ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. దాని బదులు, వినే ఫోనులోని సాఫ్ట్‌వేరు ముందు వెనుకల శబ్దాన్ని బట్టి ఖాళీని ఊహించి పూరిస్తుంది. ఒక్కో ప్యాకెట్ ఒక్కో ఆలస్యంతో రావడం ఇంకో చిక్కు. దీనికోసం ఫోను జిట్టర్ బఫర్ అనే చిన్న నిలవను వాడుతుంది. పెళ్లి పందిట్లో పంక్తి నిండేదాకా కాసేపు ఆగి వడ్డన మొదలుపెట్టినట్టు, కొన్ని తునకలు చేరేదాకా ఆగి, వరుసలో పేర్చి వినిపిస్తుంది. వడ్డన మొదలయ్యాక వచ్చినవాటికి ఆ పంక్తిలో చోటు లేదు. ఎక్కువసేపు ఆగితే మాట తెగదు గానీ ఆలస్యమవుతుంది. తక్కువసేపు ఆగితే ఆలస్యం ఉండదు గానీ మాట తెగుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మనిషికి దాదాపు తెలియదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచన. అది 400 దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది.

కాల్ కలిపే భాష

పాత వ్యవస్థలో ఎస్ఎస్-7 చేసే పనిని ఇంటర్నెట్‌లో ఎక్కువగా సిప్ అనే ప్రోటోకాల్ చేస్తుంది. హెన్నింగ్ షుల్జ్‌రిన్ తదితరులు రూపొందించిన దీని తొలి ప్రమాణం 1999లో, నేటికీ చెల్లే రూపం 2002లో వెలువడ్డాయి. ఇందులోని ఆదేశాలు మనిషి చదవగలిగే మాటల్లో ఉంటాయి. ఒక ఫోను ‘ఇన్వైట్’ అంటుంది. అవతలి నుంచి ‘180 రింగింగ్’ అని జవాబు వస్తుంది. ఎత్తగానే ‘200 ఓకే’, ముగిశాక ‘బై’. తాను ఏ కోడెక్‌లు అర్థం చేసుకోగలదో ఇన్వైట్‌లోనే రాసి పంపుతుంది, అవతలి ఫోను వాటిలో ఒకటి ఎంచుకుంటుంది. ఇంత సులువైన భాష కాబట్టే అదే 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక మామూలు కంప్యూటరును చిన్న ఎక్స్ఛేంజ్‌గా మార్చడం సాధ్యమైంది.

గేట్‌వేలో ఏం జరుగుతుంది

డల్లాస్‌లో ఉన్న కొడుకు తన ఫోనులోని ఒక కాలింగ్ యాప్ నుంచి విజయవాడలోని తల్లి ల్యాండ్‌లైన్‌కు 0866తో మొదలయ్యే నంబరుకు ఫోను చేశాడనుకుందాం. యాప్ ఆ నంబరుకు ముందు 91 చేర్చి, మొదటి సున్నా తీసేసి సర్వరుకు పంపుతుంది. దేశం కోడుతో కలిపి 15 అంకెలకు మించకూడదన్న అంతర్జాతీయ నంబరు విధానం ఇక్కడ ఉపయోగపడుతుంది. భారత్‌కు కాల్స్ చేరవేసే సంస్థల్లో ఏది ఎంత ధరకు తీసుకుంటుందో సర్వరు చూస్తుంది, ఒకదాన్ని ఎంచుకుంటుంది. కాల్ ఆ సంస్థ నుంచి మరో సంస్థకు చేతులు మారడం మామూలే. ఎన్ని చేతులు మారితే మాట నాణ్యత అంత తగ్గుతుంది, అసలు ఎవరు చేశారన్న సమాచారం అంత మసకబారుతుంది.

చివరికి కాల్ గేట్‌వేను చేరుతుంది. అక్కడ రెండు పనులు విడివిడిగా జరుగుతాయి. సిగ్నలింగ్ గేట్‌వే సిప్ ఆదేశాలను ఎస్ఎస్-7 ఆదేశాలుగా మారుస్తుంది. మీడియా గేట్‌వే ప్యాకెట్లలోని మాటను విప్పి, పాత 64 కిలోబిట్ల ధారగా మార్చి, ఈ-1 లింకులోని ఒక గడిలో పోస్తుంది. తల్లి మాటకు ఇదంతా తిరగేసి జరుగుతుంది. యాప్‌లో మాట ఎంత స్పష్టంగా ఉన్నా గేట్‌వే దాటగానే 3,400 హెర్ట్జ్‌కు కత్తిరింపు తప్పదు. ఇంటర్నెట్ వైపున సంభాషణకు రహస్య సంకేతీకరణ ఉంటే, అదీ ఇక్కడితో సరి. 2016 నుంచి వాట్సాప్ కాల్స్‌కు ఉన్న చివరి నుంచి చివరి దాకా రక్షణ, రెండు చివరలూ ఇంటర్నెట్‌లోనే ఉన్నప్పుడు మాత్రమే సాధ్యం. ల్యాండ్‌లైన్‌కు తాళంచెవి లేదు కాబట్టి గేట్‌వే తాళం తీయక తప్పదు.

బయటికి కనిపించని మరో చిక్కు ఫోను బటన్లది. బ్యాంకుకు ఫోను చేసి ‘తెలుగు కోసం 2 నొక్కండి’ అన్నప్పుడు మీట నొక్కితే రెండు స్వరాలు కలిసిన ధ్వని వెళ్తుంది. మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని తయారైన గట్టి కోడెక్‌లు ఆ స్వరాలను చెడగొడతాయి. అవతలి యంత్రానికి ఏ మీట నొక్కారో అర్థం కాదు. అందుకే ఇంటర్నెట్ కాల్‌లో మీట శబ్దాన్ని పంపరు. ‘2 నొక్కారు’ అన్న సమాచారాన్ని విడి ప్యాకెట్‌గా పంపితే గేట్‌వే దాన్నుంచి మళ్లీ స్వరాన్ని పుట్టిస్తుంది. ఫ్యాక్స్‌కు కూడా టి.38 అనే ప్రత్యేక ఏర్పాటు చేయవలసి వచ్చింది. వందేళ్లకు పైగా పేరుకున్న అలవాట్లన్నిటినీ కొత్త వ్యవస్థ ఇలా ఒక్కొక్కటిగా అనువదించుకోవలసి వచ్చింది. ఇంజినీర్ల శ్రమలో పెద్ద భాగం ఇందుకే పోయింది.

నంబరు విలువ

2003లో వచ్చిన స్కైప్ ఇంటర్నెట్ కాల్‌ను ఇంటింటి మాట చేసింది. మరుసటి ఏడాది నుంచి దాని ద్వారా మామూలు నంబర్లకు డబ్బు కట్టి కాల్ చేసే వీలు కలిగింది. 2025 మే నెలలో స్కైప్ మూతపడింది. 1960లలో రూపుదిద్దుకున్న అంతర్జాతీయ టెలిఫోను నంబరు వ్యవస్థ మాత్రం సంస్థలు మారినా, ఎక్స్ఛేంజీలు మారినా సాగుతూనే ఉంది. ఏ కంపెనీ చందాదారైనా మరే కంపెనీ చందాదారుకైనా ఫోను చేయగలగాలన్నది టెలిఫోను లైసెన్సులో షరతు. మన దేశంలో యాప్‌లకు అలాంటి బాధ్యత ఏదీ లేదు. ఒక యాప్ నుంచి మరో యాప్‌కు సాధారణంగా కాల్ కలవదు. రెండు వ్యవస్థల మధ్య తేడాలన్నిటిలో నా దృష్టికి ఇదే ప్రధానమైనది. వాట్సాప్ సైతం మనిషిని గుర్తించడానికి వాడుకుంటున్నది టెలిఫోన్ నంబరునే అన్నది గమనించాలి.

భారతదేశంలో చట్టం, డబ్బు

1990లలో అమెరికాకు ఐఎస్‌డీ మాట్లాడాలంటే నిమిషానికి పదుల రూపాయలు. తెలుగు ఇంజినీర్లు వేల సంఖ్యలో అమెరికా వెళ్తున్న కాలమది. ఎస్టీడీ బూత్‌లో తిరిగే మీటరు వైపు చూస్తూ మాటలు కుదించుకున్న తల్లిదండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. అటునుంచి పిల్లలు వాడిన చౌక కాలింగ్ కార్డుల్లో చాలావాటి వెనుక నడిచింది ఇంటర్నెట్ టెలిఫోనీయే. కార్డు మీది నంబరుకు స్థానిక కాల్, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా భారత్, మళ్లీ ఇక్కడ గేట్‌వే.

విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ సంస్థ గుత్తాధిపత్యం 2002 మార్చితో ముగిసింది. ఆ ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ సంస్థలకు టెలిఫోనీ అనుమతి దొరికింది. అది సగం అనుమతే. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు మాట్లాడవచ్చు, కంప్యూటరు నుంచి విదేశంలోని ఫోనుకూ మాట్లాడవచ్చు. కానీ దేశంలోని ఫోను నంబర్లతో కలపకూడదు. ఎస్టీడీ, ఐఎస్‌డీ రాబడికి గండి పడకుండా వేసిన కట్ట ఇది. హైదరాబాద్ కాల్ సెంటర్లు, ఐటీ ఆఫీసులు దీని భారం ఏళ్ల తరబడి మోశాయి. విదేశీ ఆఫీసు నుంచి ఇంటర్నెట్ మీదుగా వచ్చిన కాల్‌ను ఇక్కడి పీఆర్ఐ లైను మీదకు మళ్లిస్తే అది చట్టవిరుద్ధం. అందుకని రెండు రకాల కాల్స్ కలవకుండా ఆఫీసు ఎక్స్ఛేంజ్‌లో గోడ కట్టినట్టు ఏర్పాట్లు చేసుకోవలసి వచ్చేది. ఈ రంగపు నిబంధనలు 2020, 2021 సంవత్సరాల్లో బాగా సడలాయి.

మామూలు వినియోగదారుకు తలుపు తెరుచుకున్నది 2018 జూన్‌లో. టెలిఫోన్ లైసెన్సు ఉన్న సంస్థలు ఇంటర్నెట్ మీదుగా, సొంత నంబరుతో, ఏ ఫోనుకైనా కాల్ సేవ ఇవ్వవచ్చని టెలికాం శాఖ స్పష్టం చేసింది. ఆ మరుసటి నెలలోనే బీఎస్ఎన్ఎల్ వింగ్స్ పేరుతో అలాంటి సేవ ప్రకటించింది. పదహారేళ్లు ఆలస్యమైన నిర్ణయమది. అప్పటికే దేశం వాట్సాప్‌కు అలవాటుపడిపోయింది, ఉపయోగం చాలావరకు జారిపోయింది.

ఒక కంపెనీ కాల్‌ను తన చందాదారుకు చేర్చినందుకు మరో కంపెనీ చెల్లించే రుసుము ఈ కథకు ఆయువుపట్టు. దేశంలో అది 2017 అక్టోబరులో నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు, 2021 జనవరి 1 నుంచి సున్నాకు దిగింది. విదేశాల నుంచి వచ్చే కాల్స్ మీద మాత్రం రుసుము కొనసాగింది. ఈ తేడాయే దొంగ ఎక్స్ఛేంజీలకు పెట్టుబడి. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా ఒక అద్దె గదిలోకి తెచ్చి, పదుల కొద్దీ సిమ్ కార్డులు గుచ్చిన సిమ్ బాక్స్ ద్వారా స్థానిక కాల్‌గా బయటికి వదులుతారు. అందుకునే ఫోను మీద ఇక్కడి నంబరే కనిపిస్తుంది. హైదరాబాద్‌తో సహా ఎన్నో నగరాల్లో పోలీసులు ఇలాంటి గదుల మీద దాడులు చేశారు. ప్రభుత్వానికి, కంపెనీలకు నష్టం ఒక ఎత్తు. అసలు ఎవరు చేశారో కనిపెట్టలేకపోవడం దానికి మించిన ప్రమాదం.

నంబరు దొంగతనం

చేసినవారి నంబరును ఎస్ఎస్-7 వ్యవస్థలో పంపే సంస్థ చెప్పినట్టే అవతలి సంస్థ నమ్ముతుంది. కొద్దిమంది నమ్మకస్తులు ఉన్నంతకాలం ఇది నడిచింది. ఇంటర్నెట్ గేట్‌వేలు వచ్చాక, సిప్ సందేశంలో ఏ నంబరు కావాలంటే ఆ నంబరు రాసి పంపడం ఎవరికైనా సాధ్యమైంది. విదేశం నుంచి కాల్ చేస్తూ ఫోను తెర మీద 91తో మొదలయ్యే నంబరు చూపించి, పోలీసులమని, సీబీఐ అని బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ మోసాలకు ఇదొక దారి అయింది. ఆ బెదిరింపులకు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నవారిలో విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఉన్నారు. ఫోను తెర మీది నంబరును సాక్ష్యంగా నమ్మడం వారి తప్పు కాదు, ఆ నమ్మకాన్ని దశాబ్దాలుగా నేర్పింది టెలిఫోను వ్యవస్థే.

అమెరికా 2021 నుంచి ఇంటర్నెట్ మీదుగా నడిచే కాల్స్‌కు పంపే సంస్థ డిజిటల్ సంతకం చేయాలన్న నియమం తెచ్చింది. పాత సర్క్యూట్ భాగాల్లో ఆ సంతకం ముందుకు సాగదు. భారత్ వేరే దారి ఎంచుకుంది. విదేశీ గేట్‌వే దగ్గరే నిలిచి, మన మొబైల్ నంబరు పెట్టుకుని బయటి నుంచి వస్తున్న కాల్‌కు ఆ చందాదారు నిజంగా విదేశంలో ఉన్నాడా అని సరిచూసే వ్యవస్థను 2024 అక్టోబరులో ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల నకిలీ కాల్స్ పట్టుబడ్డాయని ప్రభుత్వం ప్రకటించింది.

రెండూ ఒకటవుతున్న కాలం

ఇప్పుడు పాత నెట్‌వర్కు లోపల కూడా ఇంటర్నెట్ ప్రోటోకాలే నడుస్తోంది. 2016 సెప్టెంబరు 5న సేవలు మొదలుపెట్టిన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్కులే లేవు. అందులోని ప్రతి కాల్ ప్యాకెట్లుగానే వెళ్తుంది. 4జీ నెట్‌వర్కు మీద ఇలా వెళ్లే కాల్‌ను వోల్టే అంటారు. ఓపెన్ ఇంటర్నెట్‌కూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, మాట ప్యాకెట్లకు ఇక్కడ నెట్‌వర్కే ముందు వరుస ఇస్తుంది. ఇరువైపులా వోల్టే ఉంటే 7,000 హెర్ట్జ్ దాకా గొంతు వినిపిస్తుంది, ఊదుడు ధ్వనులు తేటగా పలుకుతాయి. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, ఆ వెంటనే జియో మొదలుపెట్టిన వైఫై కాలింగ్‌లో అదే నంబరు, అదే డయలరుతో కాల్ ఇంట్లోని బ్రాడ్‌బ్యాండ్ మీదుగా పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివర ప్రారంభమైన ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడింటినీ ఒకే తీగ మీద ఇచ్చింది. ఆ ఫోను ల్యాండ్‌లైన్‌లా కనిపించినా లోపల నడిచేది సిప్.

బ్రిటన్ టెలికాం సంస్థలు తమ పాత సర్క్యూట్ నెట్‌వర్కును 2027 జనవరి నాటికి పూర్తిగా ఆపేయాలని నిర్ణయించాయి. మొదట పెట్టుకున్న గడువు 2025 డిసెంబరు. ఇంట్లో ఒంటరిగా ఉండే వృద్ధులు ఆపదలో నొక్కే అలారం మీటలు రాగి తీగ మీద ఆధారపడి ఉండటం, ఆ గడువు వెనక్కి జరగడానికి ముఖ్య కారణం.

రాగి తీగ పోతే కరెంటు సమస్య ముందుకొస్తుంది. అది మన తీరానికి కొత్తది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతో పాటు మొబైల్ సేవలూ కుప్పకూలాయి. రాగి తీగకు ఎక్స్ఛేంజ్ నుంచి కరెంటు వస్తుంది. గాజు తీగ వెలుతురును మోస్తుందే తప్ప ఫోను నడిపేంత కరెంటును మోయదు. ఫైబర్ ఫోను పనిచేయాలంటే ఇంట్లోని పెట్టెకు కరెంటు ఉండి తీరాలి. బ్రిటన్‌లో ల్యాండ్‌లైన్ తప్ప మరో ఆధారం లేని ఇళ్లకు, కరెంటు పోయాక కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీయే చేయాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చెప్పింది. తుపాను తీరాల్లో అంతకంటే ఎక్కువ గంటలే కావాలి. ఇంట్లో ఫైబర్ ఫోను ఉన్నవారు ఆ పెట్టెకు, వైఫై రౌటరుకు చిన్న యూపీఎస్ ఒకటి తగిలించుకోవడం, అత్యవసర నంబరు 112కు యాప్ నుంచి కాకుండా ఫోను డయలరు నుంచే కాల్ చేయడం అవసరం. వాట్సాప్ వంటి యాప్‌లు అత్యవసర సేవలకు కాల్ కలపవు.